సిస్టాంకి: ఎడారి మూలికకు గిరాకీ పెరిగితే చెట్టుకు ఏమవుతుంది?

సంక్షిప్తంగా: సిస్టాంకి అనేది చైనా, మంగోలియా ఎడారుల్లో ఇతర మొక్కల వేళ్ల మీద బతికే పరాన్నజీవి మొక్క. సుమారు రెండు వేల ఏళ్లుగా చైనా సంప్రదాయ వైద్యంలో వాడుకలో ఉంది. దానికి ఆధారమైన సాక్సౌల్ చెట్టే అక్కడి ఇసుకను కదలకుండా పట్టి ఉంచుతుంది. అందుకే ఈ మూలికకు గిరాకీ పెరిగినప్పుడల్లా ఆ చెట్టు మీద, ఆ నేల మీద ప్రభావం పడుతుంది. ఆ ప్రభావం మంచిదా చెడ్డదా అన్నది మూలికను ఎవరు, ఎలా తవ్వుతున్నారనే దాని మీద ఆధారపడి ఉంది. మందుగా దాని గురించి చెప్పేవాటిలో కొన్నిటికి ఆధారాలున్నాయి, చాలావాటికి ఇంకా లేవు.

ఆన్‌లైన్‌లో సప్లిమెంట్లు కొనేవారికి కొంతకాలంగా "ఎడారి జిన్‌సెంగ్" అనే పేరు తరచుగా కనిపిస్తోంది. మగవారి శక్తికి, జ్ఞాపకశక్తికి, వయసు మీద పడకుండా ఉండటానికి, మలబద్ధకానికి అంటూ ఒకే డబ్బా మీద నాలుగైదు హామీలు ఉంటాయి. ఇది సిస్టాంకికి పెట్టిన పేరే, కానీ జిన్‌సెంగ్‌కూ ఈ మొక్కకూ బంధుత్వం ఏమీ లేదు. రెండూ బలానికి వాడేవి, రెండూ ఖరీదైనవి అన్న పోలికతో ఆ పేరు స్థిరపడింది. పైగా సిస్టాంకి పేరుతో బజారులో దొరికేది ఒకే మొక్క కూడా కాదు. ఇన్ని విషయాలు కలిసిపోవడం వల్ల కొనేవారికే కాదు, దాని గురించి రాసేవారికీ గందరగోళం తప్పడం లేదు.

ఆకుపచ్చదనం లేని మొక్క

సిస్టాంకి డెజర్టికోలా అనే ముఖ్య జాతిని చూస్తే మొక్క అనిపించదు. పొలుసుల్లాంటి ఆకులు చుట్టుకున్న లావుపాటి కండగల కాడ అది, జీవితంలో ఎక్కువ భాగం ఇసుక కిందే గడుపుతుంది. కాడ ఒక మీటరు దాటి పెరిగిన సందర్భాలూ ఉన్నాయి. పైకి వచ్చేది పూత కోసమే. వసంతంలో ఇసుకను చీల్చుకుని పూలకంకి బయటికి వస్తుంది, విత్తనం కట్టాక ఆ కాడ చచ్చిపోతుంది.

దీనిలో పత్రహరితం లేదు. అంటే ఎండ నుంచి ఆహారం తయారు చేసుకునే శక్తి దానికి లేదు. 2013లో వెలువడిన ఒక జన్యు అధ్యయనం ఈ మొక్క హరితరేణువుల జన్యుపదార్థాన్ని పూర్తిగా చదివింది. కిరణజన్య సంయోగక్రియకు సంబంధించిన జన్యువులు దాదాపు అన్నీ మాయమయ్యాయనో, పనికిరాకుండా మిగిలాయనో తేలింది. అంతకంటే ఆశ్చర్యం కలిగించే విషయం కూడా ఆ అధ్యయనంలో ఉంది. అందులోని ఒక జన్యువు సాక్సౌల్ చెట్టు జన్యువుతో ఎంతగా పోలి ఉందంటే, అది చెట్టు నుంచే ఇందులోకి వచ్చి ఉండవచ్చని పరిశోధకులు భావించారు. నీరు, చక్కెరలే కాక జన్యువు కూడా ఒకదాని నుంచి మరొకదానికి చేరిందంటే ఈ రెండు మొక్కల సాంగత్యం ఎంత పాతదో ఊహించవచ్చు.

విత్తనం పొడవు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. లోపల పిండం సరిగ్గా రూపు కట్టి ఉండదు, దాచుకున్న ఆహారమూ చాలా తక్కువ. అందుకే తగిన వేరు దగ్గరగా వచ్చేదాకా మొలవకుండా ఇసుకలో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటుంది. వేరు తగలగానే చూషకం అనే ప్రత్యేక నిర్మాణంతో దానిలోకి చొచ్చుకుపోయి, నీరు, పోషకాలు ప్రవహించే నాళాలతో తన నాళాలను కలుపుకుంటుంది. ఒక్కో మొక్క వేల సంఖ్యలో విత్తనాలు వేసేదీ ఇందుకే. వాటిలో వేరును చేరగలిగేవి ఏ కొన్నో.

పొగాకు రైతుకు తెలిసిన కుటుంబమే

ఈ పద్ధతి తెలుగు నేలకు కొత్తది కాదు. పొగాకు చేలల్లో మొక్కల మొదళ్ల దగ్గర లేత రంగు కాడలతో పైకి వచ్చే "మల్లె"ను రైతులు బాగా ఎరుగుదురు. కొన్నిచోట్ల దాన్ని "బోడు" అంటారు. శాస్త్రీయంగా అది ఒరబాంకీ. సిస్టాంకి కూడా ఆ ఒరబాంకీ పేరు మీదున్న కుటుంబానికి చెందినదే. జొన్న, చెరకు పంటలను పీల్చే స్ట్రైగా కూడా ఇందులోనిదే.

పొగాకు మల్లెకూ సిస్టాంకికీ బతికే తీరులో తేడా చాలా తక్కువ. రెండింటికీ పత్రహరితం లేదు, రెండూ వేరు మీదే ఆధారపడతాయి, రెండింటి విత్తనాలూ దుమ్ములా ఉండి మట్టిలో ఏళ్ల పాటు బతుకుతాయి. మల్లె వస్తే పొగాకు దిగుబడి, నాణ్యత రెండూ పడిపోతాయి కాబట్టి పూత రాకముందే పీకి కాల్చేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. సిస్టాంకి పెరిగే చైనాలోని అల్షా ఎడారిలోనూ పూత రాకముందే తవ్వి తీస్తారు, కాకపోతే అక్కడ తీసిందాన్ని ఎండబెట్టి అమ్ముతారు. మొక్క స్వభావం ఒకటే అయినా, ఒకచోట అది కలుపు, ఇంకోచోట పంట. ఆతిథ్యం ఇచ్చే మొక్కకు మార్కెట్లో ఉన్న విలువే ఈ తేడాకు కారణం. పొగాకు ఆకు విలువైనది కాబట్టి దాన్ని పీల్చేది శత్రువు. సాక్సౌల్‌కు వంటచెరకుగా తప్ప పెద్ద ధర లేదు కాబట్టి దాన్ని పీల్చేదే సొమ్ము.

ఈ కుటుంబంలోని మొక్కలు వేరును ఎలా కనిపెడతాయన్నది శాస్త్రవేత్తలను చాలాకాలం వేధించిన ప్రశ్న. 1966లో పత్తి వేళ్లు విడిచే స్రావం నుంచి స్ట్రైగోల్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది స్ట్రైగా విత్తనాలను మొలకెత్తిస్తుంది. తనను పీల్చేదాన్ని పిలిచే పదార్థాన్ని మొక్క ఎందుకు విడుస్తుందన్న అనుమానం అప్పుడు వచ్చింది. దానికి సమాధానం 2005లో దొరికింది. వేళ్లకు భాస్వరం అందించే మేలు శిలీంధ్రాలను పిలవడానికే మొక్కలు ఇలాంటి పదార్థాలను విడుస్తాయి. మేలు చేసేవాటికి పంపిన కబురును పరాన్నజీవులు మధ్యలో అందుకుంటున్నాయి. ఒరబాంకీ, స్ట్రైగాల విషయంలో ఈ మార్గం చాలావరకు స్పష్టమైంది.

పరాన్నజీవి అనగానే అన్నిటినీ ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. మామిడి కొమ్మల మీద పెరిగే బదనిక ఆకుపచ్చగానే ఉంటుంది. అది నీరు, లవణాలు మాత్రం చెట్టు నుంచి తీసుకుని ఆహారాన్ని చాలావరకు తానే తయారు చేసుకుంటుంది. శ్రీగంధం కూడా సగం పరాన్నజీవే. అందుకే శ్రీగంధం తోటల్లో పక్కన కంది, సరుగుడు లాంటి హోస్ట్ మొక్కలు వేయమని చెబుతారు. డొంకల మీద పసుపుపచ్చ దారాల్లా అల్లుకునే సీతమ్మ పోగునూలు దాదాపు పూర్తిగా ఇతరుల మీద బతుకుతుంది. సిస్టాంకిది పూర్తి పరాధీనత. ఆధారమైన వేరు లేకపోతే ఒక్క రోజు కూడా ఎదగలేదు.

సాక్సౌల్: ఇసుకను పట్టే చెట్టు

సాక్సౌల్ పెద్ద అందమైన చెట్టేమీ కాదు. ఆకులు లేనట్టే కనిపిస్తుంది, ఆకుపచ్చని సన్నటి రెమ్మలే ఆకుల పని చేస్తాయి. వేళ్లు చాలా లోతుకు దిగుతాయి. ఉప్పు నేలను, వేసవి మంటను, చలికాలంలో గడ్డకట్టే చలిని కూడా తట్టుకుంటుంది. మంగోలియా నుంచి కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దాకా మధ్య ఆసియా ఎడారులన్నిటిలో దీని ఉనికి ఉంది. ఎండిపోయిన అరల్ సముద్రపు అడుగు నుంచి ఉప్పుదుమ్ము లేవకుండా అక్కడి ప్రభుత్వాలు నాటిస్తున్న చెట్టు కూడా ఇదే.

చైనాలో ఈ చెట్టుకు ముఖ్యమైన చోటు ఇన్నర్ మంగోలియా పడమటి కొసన ఉన్న అల్షా. దాని విస్తీర్ణం సుమారు 2.7 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే ఎంతో దాదాపు అంత. జనాభా మాత్రం మూడు లక్షల లోపే. బడైన్ జరాన్, టెంగర్, ఉలాన్ బుహ్ అనే మూడు ఎడారులు అక్కడ ఉన్నాయి. వంటచెరకు కోసం నరకడం, ఒంటెలు, మేకలు అతిగా మేయడం, మూలిక కోసం తవ్వడం, ఈ మూడూ కలిసి గత శతాబ్దంలో సాక్సౌల్ అడవులను బాగా పలచబరిచాయి. ఉత్తర చైనా నగరాల మీద పడే ఇసుక తుపాన్లకు మూలమైన ప్రాంతాల్లో అల్షా ఒకటి.

గుర్రాల కథ నుంచి మందుల పట్టిక దాకా

చైనాలో దీని పేరు రౌ త్సుంగ్‌రుంగ్. రౌ అంటే మాంసం, కండ. త్సుంగ్‌రుంగ్ అనే ఉచ్చారణకు తొందరలేని నెమ్మదితనం అనే అర్థం కూడా ఉంది. బలాన్ని ఇచ్చినా తీవ్రంగా పనిచేయదు కాబట్టి ఆ పేరు వచ్చిందని 16వ శతాబ్దపు వైద్యుడు లీ షిజెన్ వివరించాడు. చైనాలో లభించే అతి పాత మూలికా గ్రంథం షెన్నోంగ్ బెన్‌త్సావ్ జింగ్‌లోనే ఈ మందు ప్రస్తావన ఉంది. ఆ గ్రంథం రమారమి రెండు వేల ఏళ్ల నాటిది.

ఆ వైద్యం లెక్కలో ఇది మూత్రపిండాల "యాంగ్" (వేడి, చురుకుదనం ఇచ్చే) శక్తిని పెంచుతుంది, పేగులను మెత్తబరుస్తుంది. మగవారి బలహీనత, సంతానలేమి, నడుము మోకాళ్ల నొప్పులు, ముసలివారి మలబద్ధకం దీని ముఖ్య ప్రయోజనాలుగా చెబుతారు. మొదటి గుణం ఎలా అంటుకుందో చెప్పే పాత కథ ఒకటి ఉంది. అడవి గుర్రాల వీర్యం నేల మీద పడిన చోట ఈ మొక్క పుడుతుందని అప్పట్లో జనం చెప్పుకునేవారని క్రీ.శ. 5-6 శతాబ్దాలకు చెందిన వైద్యుడు తావో హోంగ్‌జింగ్ రాశాడు. ఇసుకలోంచి నిట్టనిలువుగా లేచే కండగల కాడ ఆకారమే ఈ నమ్మకానికి దారి తీసి ఉంటుంది.

రూపాన్ని బట్టి గుణాన్ని నిర్ణయించడం చైనాకే పరిమితం కాదు. సైనోమోరియం అనే మరో ఎడారి పరాన్నజీవి రక్తంలా ఎర్రగా ఉంటుంది. మధ్యధరా తీరంలో దాన్ని రక్తస్రావం ఆపడానికి వాడారు. మాల్టా దగ్గర గోజో దీవి పక్కన అది పెరిగే చిన్న రాతిదిబ్బకు 18వ శతాబ్దంలో కాపలా పెట్టి, ఇతరులు వెళ్లకుండా నిషేధించారు. అదే మొక్క చైనాలో సువోయాంగ్ పేరుతో మళ్లీ మగవారి శక్తికి వాడుకలోకి వచ్చింది. ఒకే మొక్కను ఒక సమాజం రంగు చూసి, మరొకటి ఆకారం చూసి అంచనా వేశాయన్నమాట. సిస్టాంకి విషయంలోనూ ఇలాంటి తేడానే ఉంది. చైనాలో ఇది మలబద్ధకానికి మందు. పాకిస్తాన్ ఎడారి పల్లెల్లో దీని దాయాది జాతిని విరేచనాలు తగ్గడానికి వాడతారు.

పరిశోధనల్లో ఎంత తేలింది

మొక్కలో ఏముందన్నది చాలావరకు తెలిసింది. ముఖ్యమైనవి ఫినైల్‌ఇథనాయిడ్ గ్లైకోసైడ్లు అనే పదార్థాలు, వాటిలో ఎకినకోసైడ్, ఆక్టియోసైడ్ ప్రధానం. ఎకినేషియా మొక్కలో మొదట దొరకడం వల్ల ఎకినకోసైడ్‌కు ఆ పేరు వచ్చింది. పెకింగ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు తూ పెంగ్‌ఫెయ్ బృందం ఈ మొక్క రసాయనం మీద, సాగు మీద కొన్ని దశాబ్దాలుగా పనిచేస్తోంది. మెదడుకు రక్తప్రసారం తగ్గడం వల్ల వచ్చే మతిమరుపుకు ఈ గ్లైకోసైడ్లతో చేసిన క్యాప్సూల్‌ను చైనా ప్రభుత్వం అనుమతించింది కూడా.

అయినా పెద్ద హామీలకూ ఆధారాలకూ మధ్య ఖాళీ చాలా ఉంది. నాడీకణాల రక్షణ, హార్మోన్లు, రోగనిరోధక శక్తి గురించి వచ్చిన ఫలితాల్లో ఎక్కువ భాగం ఎలుకల మీదా, గాజుపళ్లెంలోని కణాల మీదా చేసిన ప్రయోగాలవి. మనుషుల మీద జరిగినవి తక్కువ, జరిగినవాటిలోనూ పాల్గొన్నవారి సంఖ్య చిన్నది. ఇంకో చిక్కు శోషణ. ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చిన ఎకినకోసైడ్‌లో ఒక శాతం కూడా రక్తంలోకి నేరుగా చేరలేదు. పేగుల్లోని బాక్టీరియా దాన్ని చిన్న చిన్న పదార్థాలుగా విడగొడతాయి, ప్రభావం ఏదైనా ఉంటే అది వాటి ద్వారా రావచ్చు. కాబట్టి "ఇన్ని మిల్లీగ్రాముల ఎకినకోసైడ్" అని డబ్బా మీద రాసిన అంకె ఒంట్లో జరిగేదాన్ని చెప్పదు.

పాత వాడుకల్లో శాస్త్రానికి సులువుగా అందేది మలబద్ధకం సంగతే. ఈ మొక్కలో ఉండే గలక్టిటోల్ అనే చక్కెర ఆల్కహాల్, కొన్ని రకాల పిండిపదార్థాలు పేగుల్లోకి నీరు లాగి మలాన్ని మెత్తబరుస్తాయి. విచిత్రంగా ప్రకటనల్లో ఈ గుణానికి దక్కే చోటు చాలా చిన్నది.

లైంగిక శక్తి పేరుతో అమ్మే సప్లిమెంట్లలో సిల్డెనాఫిల్ (వయాగ్రాలోని మందు) వంటివాటిని చెప్పకుండా కలుపుతున్నారని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పదేపదే హెచ్చరికలు ఇస్తోంది. "వేసుకున్న గంటకే పనిచేసింది" అనిపిస్తే ఆ పని మూలికది కాకపోవచ్చు. గుండెజబ్బుకు నైట్రేట్లు వాడేవారికి ఇలాంటి కల్తీ ప్రాణాంతకం. బీపీ, షుగర్ మందులు వాడేవారు డాక్టర్‌ను అడగకుండా ఏ మూలికా సప్లిమెంటునూ మొదలుపెట్టకపోవడం మంచిది.

ఒక గుంత, ఒక చెట్టు

అడవి సిస్టాంకిని తవ్వే పని వసంతంలో జరుగుతుంది. ఇసుక మీద చిన్న పగులు, ఉబ్బు కనిపించిన చోట తవ్వుతారు. పూత వస్తే కాడ లోపల డొల్లగా మారి మందుకు పనికిరాదు కాబట్టి తలెత్తకముందే తీయాలి. అంటే తవ్విన ప్రతి కాడా విత్తనం వేయకుండానే పోతుంది. మొక్క తరిగిపోవడానికి ఇది మొదటి కారణం.

రెండోది గుంత. మీటరు లోతు తవ్వి, కాడ తీసుకుని, గుంత పూడ్చకుండా వెళ్లిపోతే సాక్సౌల్ వేళ్లు గాలికి ఎండిపోతాయి. తొందరలో వేరునే నరికేసేవారూ ఉంటారు. అలా చెట్టు చచ్చిపోతే అది పట్టి ఉంచిన ఇసుక కదులుతుంది, కదిలిన ఇసుక పక్క చెట్లను కప్పేస్తుంది. గుంత పూడ్చి, కాడ అడుగు భాగాన్ని కొంత వదిలేస్తే అక్కడి నుంచే మళ్లీ మొగ్గ వేస్తుంది. ఈ సంగతి ఆ ప్రాంతపు పాత తవ్వకందార్లకు తెలుసు. ధరలు పెరిగి బయటివారు గుంపులుగా వచ్చి పడినప్పుడు ఆ జాగ్రత్త ఎవరూ పాటించరు.

చైనా ఈ మొక్కను రెండో తరగతి రక్షిత జాతుల్లో చేర్చింది. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్. 2000లో నైరోబీలో జరిగిన దాని సమావేశం తరువాత అది ఆ ఒప్పందం రెండో అనుబంధంలోకి కూడా వచ్చింది. అంటే దేశాల మధ్య వ్యాపారం నిషేధం కాదు, కానీ ఎగుమతికి అనుమతిపత్రం ఉండాలి. సరిహద్దు దాటే సరుకును ఇది అదుపు చేస్తుంది. చైనా లోపలి బజారు చాలా పెద్దది కాబట్టి ఒత్తిడిలో ఎక్కువ భాగం మాత్రం అలాగే మిగిలింది.

నాటి పండించే దారి

ఒత్తిడిని తగ్గించిన అసలు మార్పు సాగుతో వచ్చింది. సాక్సౌల్ నాటి, రెండు మూడేళ్లు పెరగనిచ్చి, పక్కన అర మీటరు లోతు దాకా కాలువ తీసి వేళ్లకు అందేలా సిస్టాంకి విత్తనాలు వేస్తారు. విత్తనం దుమ్ములాంటిది కాబట్టి కాగితం పట్టీలకు అంటించి పాతే పద్ధతీ ఉంది. వేరు అంటుకున్నాక మరో రెండు మూడేళ్లకు తొలి దిగుబడి వస్తుంది.

దీంతో పశువుల కాపరులకు సాక్సౌల్‌ను కాపాడుకోవడానికి సొంత కారణం దొరికింది. అంతకుముందు ప్రభుత్వం చెట్లు నాటించేది, కొన్నేళ్లకు అవి వంటచెరకుగానో మేతగానో పోయేవి. ఇప్పుడు చెట్టు చస్తే దాని కింది పంటా పోతుంది. 2004లో పారిశ్రామికవేత్తలు అల్షాలో పెట్టిన ఎస్‌ఈఈ అనే పర్యావరణ సంస్థ పదేళ్లలో పది కోట్ల సాక్సౌల్ నాటాలన్న కార్యక్రమాన్ని 2014లో మొదలుపెట్టింది. 2016లో చైనా చెల్లింపుల యాప్ అలీపేలో వచ్చిన యాంట్ ఫారెస్ట్ అనే కార్యక్రమంలో జనం ఫోన్‌లో సంపాదించిన పాయింట్లకు బదులుగా నాటిన తొలి చెట్లలో సాక్సౌల్ కూడా ఉంది.

ఈ ఏర్పాటుకు పరిమితులు లేకపోలేదు. పరాన్నజీవి చెట్టుకు బరువే. ఒక చెట్టుకు మోయగలిగినదానికన్నా ఎక్కువ అంటిస్తే అది క్షీణించి చచ్చిపోతుంది, అప్పుడు మూలికా పోతుంది, చెట్టూ పోతుంది. పొగాకు చేలో మల్లె చేసే నష్టమే ఇది, ఎడారిలో కాస్త నెమ్మదిగా జరుగుతుంది. రెండోది నీరు. అల్షాలో చాలాచోట్ల ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. దిగుబడి కోసం చెట్లను దగ్గర దగ్గరగా నాటి బోరునీళ్లు పెడితే, ఇసుకను ఆపడానికి చేసిన పని భూగర్భజలాన్ని తోడేసే పనిగా మారుతుంది. ఎన్ని చెట్లు నాటామన్న లెక్క కన్నా, పదేళ్ల తరువాత నీళ్లు పెట్టకుండా ఎన్ని బతికి ఉన్నాయన్న లెక్క ముఖ్యం.

ఒకే పేరుతో రెండు మొక్కలు

బజారులో కనిపించే రెండో మొక్క సిస్టాంకి ట్యుబులోజా. చైనా వాయవ్య ప్రాంతమైన షింజియాంగ్ దక్షిణాన, తక్లమకాన్ ఎడారి అంచున హోతాన్ ప్రాంతంలో టామరిస్క్ పొదల వేళ్ల మీద దీన్ని విరివిగా పండిస్తారు. 2005లో చైనా అధికారిక ఔషధ ప్రమాణాల్లో దీనికీ చోటు దక్కింది. ఎకినకోసైడ్, ఆక్టియోసైడ్ కలిపి డెజర్టికోలాలో కనీసం 0.3 శాతం ఉండాలని ఆ ప్రమాణాలు చెబితే, ట్యుబులోజాకు 1.5 శాతం అడుగుతాయి. అందుకే విదేశాల్లో అమ్మే పొడులు, క్యాప్సూల్స్ చాలావరకు దీనితోనే చేస్తారు. డబ్బా మీద మాత్రం డెజర్టికోలాకు చెందిన రెండు వేల ఏళ్ల చరిత్ర రాస్తారు.

2023 నవంబరులో చైనా ఆహారంగానూ మందుగానూ వాడదగిన పదార్థాల జాబితాకు తొమ్మిదిటిని కొత్తగా చేర్చింది. వాటిలో డెజర్టికోలా ఉంది, ట్యుబులోజా లేదు. టీ, సూప్, పానీయాల్లో వాడుకకు దీంతో దారి తెరుచుకుంది. మందుగా గ్రాముల్లో వాడే సరుకు ఆహారంగా మారితే గిరాకీ పెరుగుతుందన్నది ఊహించదగ్గదే. ఆ గిరాకీని సాగు తీరుస్తుందా, అడవి తవ్వకం తీరుస్తుందా అన్నది రాబోయే కొన్నేళ్లలో అల్షా చూపిస్తుంది.

ట్యుబులోజాకు ఇంకో చిక్కు ఉంది. 2022 జూన్ నుంచి అమలులో ఉన్న అమెరికా చట్టం షింజియాంగ్ సరుకులన్నిటినీ, అలా కాదని దిగుమతిదారు రుజువు చూపేదాకా, నిర్బంధ శ్రమతో తయారైనవిగానే భావిస్తుంది. అమెరికాలో ఉండి ఈ సప్లిమెంట్లు కొనే తెలుగువారు జాతి పేరు, పండిన చోటు డబ్బా మీద ఉన్నాయో లేదో చూడటానికి ఇది కూడా ఒక కారణం. ఆ రెండు వివరాలూ లేని డబ్బా లోపల ఏముందో చెప్పడం కష్టం.

ట్యుబులోజా భారతదేశంలోనూ ఉంది. రాజస్థాన్, గుజరాత్ పొడి నేలల్లో వానాకాలం పోయాక పసుపు పూల కంకులతో ఇసుకలోంచి లేస్తుంది. అక్కడ దానికి జిల్లేడు లాంటి మొక్కల వేళ్లే ఆధారం. చైనాలోలాగా చెట్టు నాటి దాన్ని పండించే వ్యవస్థ ఇక్కడ లేదు. ఎగుమతి ధరలు చూసి రేపు ఎవరైనా తవ్వడం మొదలుపెడితే, అల్షాలో సాగు రాకముందు జరిగినట్టే జరుగుతుంది.